బెల్లం పాకలో దెయ్యం

2006 మే 14, ఆదివారం

మొదటి ప్రకటన చదివేశారు.

పాస్టర్ గారి నోట నాన్న పేరు పెళ్లికొడుకుగా వినడం ఎలా ఉంటుందో వారం నుంచి ఊహించుకుంటున్నాను. ఊహించినంత ఏమీ లేదు. "జయప్రకాశ్ గారికిని, కోటవురట్ల వాస్తవ్యురాలు సువార్త గారికిని వివాహము నిశ్చయమైనది. న్యాయమైన అభ్యంతరము ఎవరికైనను ఉన్నయెడల తెలియజేయవలెను. ఇది మొదటి ప్రకటన." చదివేసి, కళ్లజోడు పైకి జరుపుకుని, ఒక్క క్షణం ఆగి అందరి వైపూ చూశారు. ఎవరూ లేవలేదు. ఆడవాళ్ల వైపు చాపల మీద వాళ్లు మాత్రం అందరూ నన్నే చూశారు. నేను పాటల పుస్తకంలో తల దూర్చాను.

చిన్నప్పుడు ఇలాగే ఎవరిదో పెళ్లి ప్రకటన చదివి పాస్టర్ గారు ఆగినప్పుడు నేను గభాలున లేచి నిలబడ్డానట. చర్చి అంతా గుండె పట్టుకుని ఇటు తిరిగితే, "అమ్మా, ఒంటేలు" అన్నానట. అమ్మ నన్ను ఎత్తుకుని బయటికి పరుగు. ఆ పెళ్లికూతురు తల్లి అమ్మతో చాన్నాళ్లు మాట్లాడలేదు. అమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా నవ్వు ఆపుకోలేక కళ్ల నీళ్లు పెట్టుకునేది.

పరవాడ కంపెనీ బస్సులో తప్ప ఇంకెక్కడా నాలుగు మాటలు కలిపి మాట్లాడని నాన్న ఇవాళ అన్నం ముందు కూర్చుని నోరు విప్పాడు.

"మూడో ప్రకటనకి ఇంకా రెండు వారాలుంది తల్లీ. ఈలోగా నువ్వొద్దంటే పాస్టర్ గారికి సెప్పేత్తాను. నాకేటీ ఇబ్బంది లేదు. నీ మనసుకి కష్టవైన పని నేను సెయ్యను."

"నాకేటి, నీ ఇష్టం" అన్నాను.

నాకు ఆవిడ మీద కోపం ఏమీ లేదు. ఆవిడ ఎవరో నాకు సరిగా తెలియదు కూడా. ఊళ్లో నర్సింగ్‌హోమ్‌లో నర్సు, నెమ్మదిగా మాట్లాడుతుంది, అంతే. కానీ అమ్మ పోయి రెండు క్రిస్మస్‌లే అయ్యాయి. వంటింట్లో అమ్మ పెట్టిన చోట పెట్టినట్టే ఉన్నాయి డబ్బాలన్నీ. వాటిని ఇంకొకరు జరుపుతారు. అది నేను చూడలేను. వద్దనే చెబుతాను. ఇవాళ నాన్న అప్పటికే అన్నంలో చారు పోసుకున్నాడు, తినకుండా లేచిపోతాడని ఊరుకున్నాను.

మే 15, సోమవారం

పొద్దున్నే కిరణ్, అరుణ్ కుమార్, హాసిని ముగ్గురూ ఊడిపడ్డారు. ఊరి కేబుల్ టీవీ వాళ్లు పోటీ పెట్టారట. పది నిమిషాలు మించని దెయ్యం సినిమా. వచ్చేవారం గురువారం సాయంత్రానికి క్యాసెట్ ఇచ్చేయాలి, శనివారం టీవీలో వేస్తారు.

కిరణ్ డిగ్రీ మొదటి సంవత్సరం నుంచీ డైరెక్టరే. ఇంతవరకూ ఏమీ తీయలేదు, అది వేరే సంగతి. అరుణ్ వాళ్ల మావయ్య ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలు తీస్తాడు.

"కెమెరా నేను తెత్తాను బావ" అన్నాడు అరుణ్. "కాకపోతే వచ్చేవారం మంగళారం ఒక్కరోజే. మిగతా రోజులన్నీ పెళ్లిళ్లే."

"ఒక్కరోజు సాలదేట్రా? నలుగురవే కదా ఉన్నాం" అన్నాడు కిరణ్. కథ నన్ను రాయమన్నాడు. దెయ్యం హాసిని. దెయ్యం చేతిలో చచ్చేది నేను.

గుమ్మంలో కూర్చుని నలుగురం పెసరట్లు తిన్నాం. నాకెందుకో అప్పుడే అదంతా ఎప్పుడో జరిగిపోయినట్టు అనిపించింది. రిజల్ట్స్ వచ్చాక కిరణ్ హైదరాబాద్ వెళ్లిపోతాడు. అరుణ్ గాజువాకలో స్టూడియో పెట్టుకుంటానంటున్నాడు. హాసినిని చూడ్డానికి సంబంధాల వాళ్లు వస్తున్నారు. కాలేజీ వెనక గోడ మీద కూర్చుని జంతికలు తిన్న రోజుల్లో వీళ్లంటే నాకు ఇంత ఇష్టమని నాకే తెలియదు.

మే 16, మంగళవారం

కథ రాసేశాను. చచ్చిపోయిన మొదటి భార్య దెయ్యమై వచ్చి, ఇంట్లోకి కొత్తగా వచ్చిన రెండో భార్యని గొంతు పిసికి చంపేస్తుంది.

కిరణ్ చదివి నా వైపు చూశాడు. హాసిని చదివి కిరణ్ వైపు చూసింది.

ఈ కథకీ మా ఇంటికీ ఏ సంబంధమూ లేదు. దెయ్యం కథలన్నీ ఇలాగే ఉంటాయి.

మే 18, గురువారం

కిరణ్ మేనమామ త్రినాధరావు గారికి ఊరి బయట చెరకు తోటల్లో బెల్లం వండే పాక ఉంది. సీజన్ అయిపోయింది కాబట్టి ఖాళీ. అడగడానికి వెళ్లాం.

"దెయ్యం సినిమానా? నా పాకలో దెయ్యం ఉందంటే సీజన్లో కూలోళ్లు రారురా బాబూ" అన్నాడాయన.

"పాక అని సెప్పం మావా. ఇల్లని సెప్తాం."

"అంత పెనం పెట్టుకుని ఇల్లంటే నమ్ముతారేట్రా?"

చివరికి ఒప్పుకున్నాడు. తనని కూడా ఎక్కడో ఒకచోట చూపించమన్నాడు.

పాకలో పొయ్యి చల్లారి నెలలైనా లోపలంతా అదే వాసన. నేను మంచమంత ఉన్న ఆ బెల్లం పెనం పక్కన కాసేపు నిలబడ్డాను. సంక్రాంతి దాటిన తర్వాత అమ్మ నన్ను తీసుకుని తన స్నేహితురాలి ఊళ్లో ఇలాంటి పాకకే వెళ్లేది. వేడి పాకం ఒక గరిటెడు నీళ్లగిన్నెలో పోస్తే ముద్దకట్టేది. పాకం వచ్చిందా లేదా చూడ్డానికి వండేవాళ్లు చేసే పని అది. ఆ ముద్ద మాకిచ్చేవాళ్లు. సాగదీసుకుంటూ తినేవాళ్లం. అమ్మకి పన్నుకి అంటుకుని మాట వచ్చేది కాదు. చేతులతో సైగలు చేసేది.

"ఏటి ఆలోచిత్తన్నావు?" అంది హాసిని.

డైలాగులు అన్నాను.

మే 20, శనివారం

రక్తం వండాం. వైజాగ్ వెళ్లి ఏదో కొనాలని కిరణ్ అంటే, "బెల్లం ఊళ్లో ఉండి రక్తం కొనుక్కోడవేటి" అన్నాడు అరుణ్. నిజమే కదా అనిపించింది అందరికీ. ముదురురంగు బెల్లంతో లేతపాకం పట్టి, జిలేబీలో వేసే ఎర్రరంగు కలిపాం. చూస్తే అచ్చం రక్తమే. హాసిని వేలు ముంచి నాకింది. తర్వాత అందరం నాకాం.

సీసాలో పోసి మూత పెట్టాను. ఇంత మంచి రక్తం హైదరాబాద్‌లో కూడా దొరకదని కిరణ్ అన్నాడు.

మే 21, ఆదివారం

రెండో ప్రకటన. ఎవరూ లేవలేదు.

సినిమా అయ్యాక నాన్నకి చెబుతాను. మధ్యలో చెబితే మూడ్ పాడయి డైలాగులు మర్చిపోతాను.

మే 22, సోమవారం

కొంప మునిగింది. హాసిని రాదట. నిన్న చూసి వెళ్లిన సంబంధం వాళ్లు పిల్ల నచ్చిందని కబురు పెట్టారు. దాంతో వాళ్ల నాయనమ్మ కాసులమ్మ గారు గుమ్మానికి అడ్డం కూర్చుంది. ఖాయమయ్యే పిల్ల తెల్లచీర కట్టి దెయ్యం వేషం వేయడమేమిటని ఆవిడ గోల. హాసిని ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది. పాపం, నాకే జాలేసింది.

దెయ్యం లేదు. హాసిని తెస్తానన్న చీర కూడా లేదు. తెల్లచీర ఎక్కడ తేవాలా అని కిరణ్ తల పట్టుకున్నాడు.

"దెయ్యానికి తెల్లచీరే ఎందుకురా?" అన్నాను. "మాలో పెళ్లికూతురు కట్టేది తెల్లచీరే."

"మరి మీ దెయ్యాలు ఏటి కడతాయే?" అన్నాడు.

నిజంగానే నాకు తెలియలేదు. ఇంతలో వాడు, "మీ అమ్మగారి పెళ్లిచీర ఉంటాది కదా" అన్నాడు. నేను లేచి పెరట్లోకి వెళ్లిపోయాను. తిరిగి వచ్చేసరికి వాడు "సారీ సుజీ" అన్నాడు. నేను మంచినీళ్లు ఇచ్చాను.

అరుణ్ ఎవరికీ చెప్పకుండా వెళ్లి నర్సింగ్‌హోమ్‌లో పాత యూనిఫాం చీర అడిగాడట. ఎవరిని అడిగాడో వేరే చెప్పాలా? సాయంత్రం చీర ఇవ్వడానికి ఆవిడే వచ్చింది. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి మరీ తెచ్చింది.

కిరణ్ ఆవిడని పైనుంచి కిందికి చూశాడు. వాడి మొహం చూస్తే నాకు అర్థమైపోయింది. కాలు తొక్కాను. ఆగలేదు.

"సిస్టర్ గారూ, రేపు పగలు మీకు డ్యూటీ ఉందాండీ?"

"లేదు బాబూ. ఎందుకు?"

చెప్పాడు. ఆవిడ కథ చూపించమంది. భూమి చీలితే బాగుండును అనుకున్నాను. ఆవిడ మెట్టు మీద నిలబడే మొత్తం చదివింది. చదివి కాగితాలు సరిగా మడిచింది.

"ఈ రెండో ఆవిడ ఏటి తప్పు సేసింది?"

"ఏటీ సెయ్యలేదండి" అన్నాడు కిరణ్.

"మరెందుకు సంపేత్తన్నారు?"

ముగ్గురం నేల చూశాం. ఆవిడ నా వైపు చూడలేదు. అంతవరకూ మర్యాద ఉన్న మనిషే, ఒప్పుకోవాలి.

"సరే, వత్తాను. ఎన్నింటికి రమ్మంటారు?" అంది.

మే 23, మంగళవారం

ఒళ్లంతా చీమ కాట్లు. రెండు ముక్కలు రాసి పడుకుంటాను.

పాకకి చుట్టూ టార్పాలిన్లు కట్టి పట్టపగలే చీకటి చేశాం. కెమెరా ముందు నీలం రంగు కాగితం అంటించాడు అరుణ్, వెన్నెలలా వస్తుందని. తీస్తున్నప్పుడు కెమెరాకి వెలిగే ఎర్రలైటు పెనంలో మెరుస్తోందని దాని మీద నల్లటేపు వేశాడు. త్రినాధరావు గారు కొత్త చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నాడు.

ఆవిడ బాగానే చేసింది. జుట్టు విరబోసుకుని పెనం వెనక నుంచి లేస్తే నాకే ఝల్లుమంది. గొంతు పిసికేటప్పుడు మాత్రం, "మెడ మీద కాదు, కింద ఈ ఎముక మీద పట్టుకుంటాను, నువ్వు గింజుకో, నొప్పంటే సెప్పు" అని చెప్పి మరీ పిసికింది.

నేను చచ్చి పడిపోయాను. అరుణ్ సీసాలో రక్తం నా మెడ మీద, జుట్టులో పోశాడు. బెల్లం పాకలో, నేల మీద, బెల్లం పాకం పూసుకుని పడుకున్నాను. చీమలు రాక ఏం చేస్తాయి? ముందు ఒకటి. తర్వాత ఊరు ఊరంతా వచ్చింది. శవం లేచి పరుగెత్తింది, దాని వెనకాల దెయ్యం పరుగెత్తింది. త్రినాధరావు గారు కుర్చీలోంచి పడిపోయాడు నవ్వి నవ్వి. ప్రతి షాట్‌కీ ఇదే వరస.

అయితేనేం, సాయంత్రానికి అన్నీ అయిపోయాయి.

ఆవిడతో అవసరమైన మేరకే మాట్లాడాను.

మే 24, బుధవారం

ఏం రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్న స్టూడియోలో టేపు పెట్టాం. ముందు అరుణ్ కాళ్లు కనిపించాయి. తర్వాత కిరణ్ గొంతు, "అందరూ రెడీ, యాక్ష..." అంతే, బొమ్మ పోయింది. మళ్లీ బొమ్మ వచ్చేసరికి, "కట్, కట్, అదిరింది" అంటున్నాడు కిరణ్. పక్కన నేను మెడ తుడుచుకుంటున్నాను. మళ్లీ "రెడీ", మళ్లీ బొమ్మ పోయింది. మళ్లీ "కట్".

ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. అరుణ్ మొదట్లో ఎప్పుడో చూసుకోకుండా బటన్ నొక్కేశాడు. అక్కడి నుంచి, తీస్తున్నానని నొక్కినప్పుడల్లా కెమెరా ఆగింది, ఆపానని నొక్కినప్పుడల్లా తీసింది. ఎర్రలైటు మీద నల్లటేపు. కెమెరాలోంచి చూద్దామంటే నీలం చీకటి. దెయ్యం లేచిన షాట్ లేదు. గొంతు పిసికిన షాట్ లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. మధ్యమధ్యన మేం ఊరికే కూర్చున్నదంతా ఉంది.

"పెళ్లిలో ఒకపాలి నొక్కితే భోజనాల దాకా ఆపను బావ" అన్నాడు అరుణ్. "ఇలా నొక్కి, ఆపి, నొక్కి, ఆపి నాకు అలవాటు లేదు." నాకు తిట్టాలనిపించలేదు. కిరణ్ కూడా తిట్టలేదు. గోడకి జారబడి కూర్చున్నాడు. వాడు మూడేళ్లుగా చెబుతున్న సినిమా అది.

ఆపేద్దామని ఎవరికీ తోచలేదు. టేపు దాని మానాన అది తిరుగుతోంది. అప్పుడు చూశాను.

నీలం వెన్నెల్లో నేను కింద కూర్చున్నాను. ఆవిడ తెల్లచీరలో నా వెనకాల పీట వేసుకుని నా జుట్టులోంచి చీమలు తీస్తోంది. ఒక్కొక్క పాయా దువ్వెనతో విడదీసి, తడిగుడ్డతో పాకం తుడుస్తోంది. నేను మాట్లాడుతున్నాను. ఆగకుండా మాట్లాడుతున్నాను.

"మా అమ్మకి దెయ్యాల సినిమా అంటే సచ్చేంత భయం. అలాగని సూడ్డం మానదు. టీవీ ముందు కూర్చుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేది. అయిపోయిందా, అయిపోయిందా అని నన్ను అడిగేది. నేను అవకుండానే అయిపోయిందమ్మా అనేదాన్ని. కొంగు తీసేది. అప్పుడు కెవ్వుమనేది."

టేపులో నేను నవ్వుతున్నాను. అమ్మ పోయాక నేను అలా నవ్వగా నేను చూడలేదు.

"మళ్లీ నిన్ను నమ్మేదా?" అంటోంది ఆవిడ.

"ప్రతీసారీ నమ్మేది."

"ఏ కూర ఇష్టం ఆమెకి?"

"ఆనపకాయ పులుసు. మాకెవరికీ ఇష్టం లేదు. తనొక్కతే తినేది, గిన్నె పట్టుకుని."

ఒక "రెడీ"కి ఆగిపోతుంది, ఒక "కట్"కి మళ్లీ మొదలు. ప్రతిసారీ నేను ఎక్కడ ఆపానో అక్కడి నుంచే అందుకుంటున్నాను. వంటింట్లో అమ్మ డబ్బాల సంగతి కూడా చెప్పేశాను. ఒకసారి ఆవిడ బిస్కెట్ నా నోట్లో పెట్టింది, నా చేతులకి పాకం ఉందని. నేను తినేశాను, మాట ఆపకుండానే. ఒకసారి నా తల ఆవిడ మోకాలికి ఆనుకుని ఉంది. అది నాకు అసలు గుర్తులేదు.

నిన్న రాసిన పేజీ ఇప్పుడే తీసి చూశాను. అవసరమైన మేరకే మాట్లాడానట. సిగ్గు లేకపోతే సరి.

అమ్మ గురించి నేను ఎవరితోనూ అంతసేపు మాట్లాడలేదు. నాన్నతో అసలే లేదు. ఆనపకాయ పులుసు సంగతి నేనే మర్చిపోయాను.

టేపు చివర్లో నేను వెనక్కి తిరిగి ఆవిడ మొహంలోకి చూశాను. "మా ఇంటికి రాడానికి మీకు భయంగా లేదా?" అని అడిగాను. ఆవిడ దువ్వెన పట్టుకుని ఆగింది. నోరు తెరిచింది. "రెడీ" అన్నాడు కిరణ్. బొమ్మ పోయింది. అదే చివరి షాట్, అది అయ్యాక అరుణ్ కెమెరానే ఆపేశాడు కాబట్టి ఆ తర్వాత టేపులో ఏమీ లేదు.

వెనక్కి తిప్పమన్నాను. అరుణ్ తిప్పాడు. మళ్లీ తిప్పమన్నాను. ఎన్నిసార్లు తిప్పినా ఆవిడ నోరు తెరుస్తుంది, అంతే. ఆ తర్వాత ఏమందో, అసలు ఏమైనా అందో లేదో ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు. నా గొంతు పట్టుకున్న చేతులే గుర్తున్నాయి.

గోడ దగ్గర్నుంచి లేచి కిరణ్ అన్నాడు, "సుజీ, సినిమా ఇక్కడే ఉంది."

"ఎక్కడుంది?"

"నువ్వు రెండో పెళ్లాంవి కావు. కూతురువి. సచ్చిపోయిన తల్లి వచ్చి తల దువ్వుతుంది. కూతురు ఆమెని పోల్చుకోదు. ఆమెకే ఆమె కబుర్లు సెప్తంది." వాడు నా వైపు చూడకుండా చెప్పాడు. "నీ మాటలన్నీ ఉంటాయి మరి. వద్దంటే గాలి చప్పుడు వేసేత్తాను."

అరుణ్ కూడా అటు తిరిగి కూర్చున్నాడు.

"ఉంచు" అన్నాను. ఇంటికి వచ్చి తలుపేసుకుని ఏడ్చాను. బాధతోనో, అంతసేపు అమ్మ గురించి విన్న సంతోషంతోనో చెప్పలేను. రెండూ అనే రాస్తాను.

మే 25, గురువారం

ఇచ్చేశాం. కేబుల్ ఆఫీసు తలుపు మూస్తుంటే కిరణ్ చెయ్యి అడ్డం పెట్టాడు. వేలు నలిగింది. సినిమా పేరు "వచ్చిన మనిషి". దాని చివర నా ప్రశ్న, దాని తర్వాత చీకటి.

త్రినాధరావు గారు రెండుచోట్ల కనిపిస్తాడు, కుర్చీలోంచి పడుతూ. తీసేయడానికి కిరణ్‌కి మనసొప్పలేదు. అందుకని ఆయన్ని దెయ్యాన్ని చూసి పడిపోయిన మనిషిని చేశాడు.

మే 26, శుక్రవారం

నాన్నకి చెప్పలేదు. ఏం చెప్పాలో ఇప్పుడు నాకే తెలియదు.

మే 27, శనివారం

సాయంత్రం టీవీలో వేశారు. పక్కింటి అప్పలనర్సమ్మ గారు వాళ్లింట్లో టీవీ ఉన్నా మా ఇంటికే వచ్చి కూర్చుంది. నాన్న కంపెనీ బస్సు దిగి, చెప్పులు విప్పి, అలాగే నిలబడి చూశాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

ముందు వేరే వాళ్లవి వేశారు. ఒకదాంట్లో కాలేజీ ల్యాబులోని అస్థిపంజరం నడుస్తుంది. దానికే ఫస్ట్ ప్రైజు. మాది వేసే ముందు యాంకరమ్మాయి, ఇది భయపెడుతుందో లేదో మీరే చెప్పాలంది.

అమ్మ కొంగు సంగతి వచ్చింది. ఆనపకాయ పులుసు సంగతి వచ్చింది. నేను టీవీ చూడలేదు, నాన్ననే చూశాను. నాన్న మొహంలో మొదట ఏమీ లేదు. తర్వాత పెదవి కదిలింది. "గిన్నె పట్టుకుని" అని నేను టీవీలో అంటుంటే నాన్న ఇక్కడ తల ఊపాడు.

"ఇది దెయ్యవేటమ్మా, పాపం" అని అప్పలనర్సమ్మ గారు ముక్కు చీదుకుని వెళ్లిపోయింది.

నాన్న పెరట్లోకి వెళ్లి మొహం కడుక్కున్నాడు. వెనకాలే వెళ్లాను.

"మీ అమ్మ గురించి నాతో ఎప్పుడూ మాటాడవేటే?" అన్నాడు తుండుతో మొహం దాచుకుని.

"నువ్వు బాధపడతావని."

"నేనూ అందుకే మాటాడలేదు. నువ్వు ఏడుత్తావని."

ఇద్దరం నూతి పళ్లెం గట్టు మీద కూర్చున్నాం. పెళ్లయిన కొత్తలో అమ్మ నాన్నకి కూడా ఆ ఆనపకాయ పులుసే పెట్టేదట. బాగుందని అబద్ధం చెప్పి చాన్నాళ్లు తిన్నాడట పిచ్చి నాన్న. నేను పుట్టాక గాని బయటపడలేదట. ఇన్నాళ్లూ ఈ మాట నా దగ్గర దాచినందుకు నాన్న మీద కోపం వచ్చింది. చాలా ప్రేమ కూడా వచ్చింది.

"రేపు మూడో ప్రకటన" అన్నాడు చివరికి. "ఏటి సెప్పమంటావు?"

"ఆవిడని ఒక మాట అడగాలి. అడిగేక సెప్తాను."

"సరే తల్లీ" అన్నాడు. ఏం అడుగుతావని అడగలేదు.

మే 28, ఆదివారం

ఆరాధనకి ముందే వెళ్లి చర్చి మెట్ల దగ్గర నిలబడ్డాను. ఆవిడ డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి నిద్ర లేక.

"ఆ రోజు మీరేటి సెప్పబోయేరు?" అన్నాను. పలకరింపు కూడా లేకుండా అడిగేశాను.

"ఏ రోజు?"

"భయంగా లేదా అని అడిగినప్పుడు."

ఆవిడ ఒక చెప్పు విప్పి ఆగింది. "నిన్న టీవీలో సూసేక నేనూ తలుచుకున్నాను. గుర్తు రాలేదు సుజీ. కిరణ్ రెడీ అనేడు, నేను నీ పీక పట్టుకునేను."

నవ్వకూడదనుకున్నాను. ఇద్దరికీ వచ్చేసింది.

"ఇప్పుడు అడిగితే సెప్తాను" అంది. నవ్వు పోయింది ఆవిడ మొహంలోంచి. "భయవే. మీ నాన్నగారంటే కాదు. మీ అమ్మంటే అసలు కాదు. ఆమె డబ్బాలు ఎక్కడివక్కడే ఉంటాయి, నాకు అందకపోతే పీట ఏసుకుంటాను. నా భయవల్లా ఒకటే. ఆవేళంతా నాతో మాటాడేవు కదా. ఒక్కసారీ నన్ను ఏటీ అని పిలవలేదు. ఆంటీ అని కూడా అనలేదు. రేపు ఇంట్లో కూడా అలాగే అయితే, నువ్వు పిలిచింది నన్నేనని నాకెలా తెలుత్తాది? నేనెలా పలకాలి?"

గంట కొట్టారు. లోపలికి వచ్చేశాను. పిరికిదాన్ని. మగవాళ్ల వైపు నుంచి నాన్న నన్ను చూశాడు. నేను తల దించుకుని చాప మీద కూర్చున్నాను.

మొదటి పాట అయిపోయింది. పాస్టర్ గారు ప్రకటనల కాగితం తీశారు. ఆవిడ కాళ్లు కడుక్కుని అప్పుడు వచ్చింది గుమ్మంలోకి. ఎక్కడ కూర్చోవాలా అని చూస్తోంది. అందరూ ఆవిడని చూస్తున్నారు, తర్వాత నన్ను చూస్తున్నారు. వెనక వరసలో కాస్త జరిగి చోటిస్తే అక్కడ కూర్చోవడానికి ఆవిడ వంగింది.

నేను లేచి నిలబడ్డాను.

పాస్టర్ గారు కాగితం పట్టుకుని ఆగిపోయారు. నాన్న కళ్లు మూసుకున్నాడు.

"పిన్నీ" అన్నాను. అంత గట్టిగా అనాలనుకోలేదు. "ఇక్కడ చోటుంది."

ఆవిడ వెంటనే పలికింది.

"వత్తన్నానమ్మా."

అందరి కాళ్లూ తప్పించుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. పాస్టర్ గారు కళ్లజోడు పైకి జరుపుకుని మూడో ప్రకటన చదివారు.